మామ షుగరు, నా మొదటి పాలసీ

మా చేలల్లో వేరుశనగ పోయి సోలార్ పలకలు లేచిన కొత్తల్లో మా వైపు జనానికి రెండే రకాల ఫోన్లు వచ్చేవి. ఒకటి, భూమి పహణిలో పేరు సరిగ్గా ఉందా లేదా అని గుత్త కాగితాల మీద తిరిగేవాళ్లు చేసేది. రెండోది, "అన్నా, మీ కుటుంబ భవిష్యత్తు గురించి ఎప్పుడైనా ఆలోచించినారా?" అని ఇన్సూరెన్సువాళ్లు చేసేది. అంతకు ముందు మా కుటుంబాల భవిష్యత్తు గురించి వానదేవుడు తప్ప మరెవరూ ఆలోచించిన దాఖలా లేదు (ఆయన కూడా పెద్దగా ఆలోచించినట్టు కనబడడు). ఏడాదికొకసారి భూమి గుత్త సొమ్ము బ్యాంకులో పడుతుందని తెలియగానే పావగడ నుంచి, అనంతపురం వైపు నుంచి, మేము పేరు కూడా వినని ఊళ్ల నుంచి నల్ల సంచులు తగిలించుకున్న పెద్దమనుషులు మోటారు సైకిళ్ల మీద దిగసాగారు. మా ఊరు క్యాతగానచెర్లు పక్కనే. వాళ్లు అక్కడ కాఫీ తాగి మా ఊరికి, మా ఊళ్లో మజ్జిగ తాగి ఇంకో ఊరికి పోయేవారు. ఆ సంచులవాళ్లలో నేను కూడా ఒకదాన్ని కావాలా వద్దా అన్న ప్రశ్న నన్ను ఒక నెలన్నర కాలం నిలవనివ్వలేదు.

నేను అప్పుడే పావగడలో బి.కాం. ముగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనేది మర్యాద కోసం అంటున్న మాట. నిజానికి మాట్లాడుతూ ఉన్నాను. పొద్దున అవ్వతో మొదలుపెడితే అమ్మ, పాలు పోయించుకునే వదిన, దారిన పోయే మేకలామె, అందరితో అయ్యేసరికి మధ్యాహ్నం దాటేది. అవ్వ నాకు 'మైకు' అని పేరు పెట్టింది. "ఆ మైకు కాసేపు ఆపుమ్మే, నా చెవులు గుయ్యిమంటాండాయి" అని తాను పడుకోబోయే ముందు బతిమాలుకునేది.

మా నాయన ఉన్న మూడెకరాలూ సోలార్‌కు గుత్తకిచ్చి, ఆ పలకలకే కాపలాదారుగా చేరాడు. ఖాకీ చొక్కా వేసుకుని, తన చేని గట్టు మీద తానే కుర్చీ వేసుకుని, తెలిసినవాళ్లు అడ్డదారిన పోబోతే "ఇట్ల రాగూడదప్పా" అని చెప్పాల్సి రావడం మొదట్లో ఆయనకు సిగ్గుగా ఉండేది. తరువాత అలవాటైంది. ఆ తరువాత ఇష్టమైంది. ఒకసారి అన్నం క్యారియరు తీసుకుపోతే నన్నే ఆపి, ఎవరి కోసం వచ్చావని అడిగాడు. ఆయన తన సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి సైటు ఆఫీసులో నాకొక పని మాట్లాడి పెట్టాడు. గేటులో వచ్చేపోయేవాళ్ల పేర్లు రాయాలి, గంటకొకసారి మీటర్లు చూసి పుస్తకంలో ఎక్కించాలి. "ఫ్యాను కింద కుర్చీ. నెలనెలా జీతం. ఇంతకన్నా ఏం గావాల పాపా?" అన్నాడు. వచ్చే నెల మొదటి తారీకుకు చేరాలి.

సరిగ్గా ఆ వారమే మా ఇంటికి బ్యాగు సారు వచ్చాడు. ఆయనకు అసలు పేరు ఉండేదేమో కానీ, తాలూకా మొత్తం బ్యాగు సారనే పిలిచేది. నాయనకు పాలసీ అమ్ముదామని వచ్చినవాడికి నాయన దొరకలేదు, నేను దొరికాను. నాయన ఎప్పుడొస్తాడో చెప్పబోయి, ఆయన డ్యూటీ గురించి, సూపర్‌వైజరు గురించి, పలకలు కడిగే నీళ్ల ట్యాంకరు మా వీధి మలుపులో ఇరుక్కున్న సంగతి గురించి చెప్పుకుంటూ పోయాను. సారు మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూశాడు. చివరికి చెయ్యెత్తి నన్ను ఆపి అన్నాడు: "అమ్మా, ఇరవై ఏండ్లుగా ఈ పని చేస్తాండా. నా నోరు మూయించిన మనిషిని ఈపొద్దే చూస్తాండా. నువ్వు ఏజెంటుగా చేరితే ఈ తాలూకాలో పాలసీ లేని మనిషి మిగలడు. నా మాట నమ్ము."

జీవితంలో మొదటిసారి ఒకరు నా నోటిని మంచి గుణంగా లెక్కించారు. నేను నమ్మేశాను.

ఇంట్లో మాత్రం ఎవరూ నమ్మలేదు. అమ్మ చేట కింద పెట్టి, "ఇంటింటికీ పొయ్యి నువ్వు సస్తే ఇంత, నువ్వు సస్తే ఇంత అని చెప్తావా? మనల్ని ఎవురన్నా గడప తొక్కనిస్తారా?" అంది. నాయన ఫ్యాను సంగతి మళ్లీ ఎత్తాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఒకటో తారీకు దాకా నాకు గడువు. ఆ లోపల పాలసీలు చేయించి చూపిస్తే సంచి, లేకపోతే కుర్చీ.

పావగడలో ఒక మేడ మీది గదిలో మాకు తరగతులు జరిగాయి. మాది కర్ణాటక కదా, బ్యాగు సారు కన్నడంలో పాఠం చెప్పేవాడు, మేము తెలుగులో అర్థం చేసుకుని, పరీక్ష మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని రాశాం (పాసయ్యాను, అక్కడ మాట్లాడే అవసరం లేదు కాబట్టి సమయం బాగా మిగిలింది). ఆయన నేర్పిన అన్ని పాఠాల్లోకీ ముఖ్యమైనది ఒకటుంది. చావు అనే మాట నోటెంట రాకూడదు. 'మీరు చనిపోతే' అనకూడదు, 'మీరు లేని రోజున' అనాలి. గొంతు కొంచెం తగ్గించి, కళ్లలోకి చూస్తూ అనాలి. నేను ఇంట్లో అద్దం ముందు నిలబడి గొంతు తగ్గించడం సాధన చేశాను. నాకు అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే.

తీరా మొదటి ఇంట్లోనే ఆ పాఠం అడ్డం తిరిగింది. మా వీధి చివరి వదిన పాలసీ వివరాలన్నీ శ్రద్ధగా వింది. నేను గొంతు తగ్గించి, "వదినా, మీరు లేని రోజున మీ ఇంట్లోవాళ్లకు డబ్బులందుతాయి" అన్నాను. ఆమె ఉలిక్కిపడింది.

"నేను లేని రోజు ఏంటికి తెస్తారు? ఇంట్లో మా ఆయప్ప ఒక్కడే ఉంటాడు, సాయంత్రానికంతా తాగేస్తాడు. నేనుండే రోజే తెమ్మని చెప్పు."

"అది గాదు వదినా, మీరు ఇంక ఎప్పటికీ లేని రోజున..."

"యాడికి పోతా నేను? మా పుట్టింటికా? పోయినా రెండు రోజుల్లో వస్తా గదా!"

ఇంక దారి లేక అసలు మాట చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి, చేతిలో ఉప్పు పట్టుకుని వచ్చి, నా చుట్టూ తిప్పాలో తన చుట్టూ తిప్పుకోవాలో తేల్చుకోలేక ఇద్దరికీ కలిపి దిష్టి తీసి నన్ను పంపించింది. మా అవ్వ దగ్గర ఈ చిక్కే లేదు. ఆమె చావు గురించి రేషను షాపు గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. కానీ అవ్వ వయసువాళ్లను కంపెనీ తీసుకోదని చెప్పినందుకు ఆమె రెండు రోజులు నాతో పలకలేదు. "అంటే నేను బిరీన పోతానని వాళ్లు లెక్క వేసినారా? వాళ్లు నా ఇంటికొచ్చి నన్ను చూసినారా?" అని ఆమె కోపం. మరొక పెద్దాయన నేను చెప్పిందంతా విని, కాఫీ ఇప్పించి, చివరికి "పాపా, నువ్వు శానా బాగా చెప్తాండావు. వచ్చే వారం గూడా రా, మా తమ్ముడు ఊరి నుంచి వస్తాడు, వాడు గూడా వింటాడు" అన్నాడు. ఆయన ఇంటికి మూడు వారాలు వెళ్లాను. శ్రోతలు పెరిగారు తప్ప పాలసీ ఒక్కటీ పుట్టలేదు.

మూడో వారంలో క్యాతగానచెర్లులో ఒక టైలరక్క ఇంటికి వెళ్లాను. ఆమె భర్త సోలార్ పలకలు కడిగే పనికి పోయేవాడనీ, గుండె ఆగి పోయాడనీ నాకు తెలియదు. నేను గుమ్మంలో నిలబడి ఇన్సూరెన్సు అనగానే ఆమె మిషను తొక్కడం ఆపింది. తిట్టబోతోందనుకున్నాను. లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. రేషను కార్డు, ఆధార్ కార్డుల మధ్య మడత పెట్టిన ఒక ఇంగ్లీషు ఉత్తరం ఉంది.

"నువ్వు సదువుకున్న పిల్లవి గదా. దీంట్లో ఏం రాసినారో సరిగ్గా చెప్పు పాపా. ఒక్కొక్కరు ఒక్కొక్క మాదిరి చెప్తాండారు."

చదివాను. పాలసీ తీసుకున్న రెండో ఏడే ఆయన పోయాడు. అంతకు ముందు నుంచే ఆయన బీపీకి మాత్రలు వేసుకునేవాడని ఆసుపత్రి చీటీలో ఉంది. పాలసీ అర్జీలో మాత్రం ఏ జబ్బూ లేదని రాసి ఉంది. అందుకని సొమ్ము ఇవ్వలేమని ఆ ఉత్తరం. ఇంగ్లీషులో అది చాలా మర్యాదగా ఉంది. తెలుగులో చెప్పడానికి నాకు ఒక్క మర్యాదైన మాట దొరకలేదు.

"మరి మా ఆయప్ప చెప్పినాడే!" అంది ఆమె. "నా ముందరే చెప్పినాడు, బీపీ ఉండాదని. ఆ ఏజెంటు, అన్నా, అది రాస్తే లేటయితాది, లేదని రాసేస్తా అన్నాడు. మా ఆయప్ప సహి చేసినాడు." ఆ ఏజెంటు అప్పటికే ఆ పని మానేసి ఎక్కడికో వెళ్లిపోయాడట. నేను ఆ రోజు సంచి తెరవలేదు. నా మైకు సంగతి ఆమెకు తెలియదు కాబట్టి, నేను మితభాషిననుకుని, "పోనీలే, మంచినీళ్లు తాగి పో" అంది.

ఆ వారాంతంలో నాగలమడిక నుంచి మా మేనమామ ఫోను చేశాడు. మామది మంచి స్థితి. ఆయన భూమి సోలార్ కిందికి కొంత పోగా ఇంకా సేద్యం ఉంది. "ఏమ్మా కోడలా, ఊరంతా తిరుగుతాండావంట, మామ కనబడలేదా? నాకొకటి రాయి, పెద్దదే రాయి" అన్నాడు. ఆనందంతో నేను బ్యాగు సారుకు ఫోను చేస్తే ఆయన నాకన్నా ఎక్కువ ఆనందపడ్డాడు. ఆ ఒక్క పాలసీతో నా నెల గట్టెక్కుతుందన్నాడు. మరునాడే బస్సెక్కి నాగలమడిక వెళ్లాను. అత్త హోళిగెలు, అంటే బొబ్బట్లు, చేసి పెట్టింది. మామ నాలుగు తిన్నాడు, నెయ్యి వేసుకుని. తరువాత ఇద్దరం వసారాలో కూర్చుని అర్జీ నింపడం మొదలుపెట్టాం. పేరు, వయసు, ఎత్తు, బరువు (బరువు దగ్గర కొంచెం బేరమాడాడు) అన్నీ అయ్యాయి. ఆయన ఫోనుకు చేని దగ్గర సిగ్నలు ఉండదని అత్త నంబరు రాయించాడు. అప్పుడు జబ్బుల పేజీ వచ్చింది. అవును, కాదు అని పక్కపక్కనే రెండు గడులు.

"మామా, షుగరేమన్నా ఉండాదా?" అని మామూలుగా అడిగాను.

మామ ఒకసారి వంటింటి వైపు చూశాడు. కుర్చీ ముందుకు జరిపాడు. "నీకు మాత్రం చెప్తా. నాలుగేండ్లుగా ఉండాది. మాత్రలు ట్రాక్టరు డబ్బాలో పెట్టుకుంటా. మీ అత్తకు తెలీదు. తెలిస్తే ఇంట్లో బెల్లం ముక్క గూడా ఉండనీదు. లేదని రాసెయ్."

నేను బయటికి వచ్చి, వీధిలో నిలబడి, బ్యాగు సారుకు ఫోను చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏజెంటు డాక్టరు గాదమ్మా. ఆయన సహి చేస్తాడు గదా, బాధ్యత ఆయనది. లేదని పెట్టు. అవునని పెడితే పరీక్షలంటారు, రేటు పెంచుతారు, మీ మామ వొద్దంటాడు. నీకు ఈ నెల ఒక్కటి గూడా లేదు, మతికి పెట్టుకో."

మళ్లీ వసారాలోకి వచ్చి కూర్చున్నాను. పెన్ను 'కాదు' గడి మీద పెట్టాను. ఆ గడి చాలా చిన్నది. దానిలో ఒక టిక్కు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది! కానీ టైలరక్క ఉత్తరంలో వరుస పెట్టి చెప్పింది ఆ చిన్న గడి గురించే. మా అత్త కూడా అలాగే ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, ఇది చదివి చెప్పు పాపా అని ఎవరో ఒక పిల్లను అడుగుతున్నట్టు కళ్ల ముందుకు వచ్చింది. నేను 'అవును' గడిలో టిక్కు పెట్టాను. మాత్రల పేరు కూడా రాశాను. ఆ పక్కన మామ చేత సహి చేయించేముందు, "మామా, ఉండాదని రాసినా. రేపు కంపెనీవాళ్లు కాదనేకి లేకుండా" అని చెప్పాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు. మీ అత్తకు తెలియకుండా ఉంటుందా అని మాత్రం అడిగాడు. కంపెనీవాళ్లకు అత్తతో ఏం పని మామా అన్నాను, చాలా ధీమాగా.

మూడు రోజుల తరువాత కంపెనీవాళ్లు అత్తకు ఫోను చేశారు. నంబరు ఆమెదే కదా! కన్నడంలో, ఎంతో మృదువుగా, మీ ఇంటి యజమానికి ఉన్న షుగరు జబ్బు విషయమై రక్త పరీక్షకు ఎప్పుడు రమ్మంటారని అడిగారట. అత్త, రాంగు నంబరు, మా ఆయనకు షుగరు లేదంది. వాళ్లు పేరు, ఊరు, మాత్రల పేరు చదివి వినిపించారు. అత్త ఫోను పెట్టేసి, నేరుగా చేని దగ్గరికి నడిచి పోయి, ట్రాక్టరు డబ్బా తెరిచింది. మాత్రల కింద అరకిలో మైసూరుపాకు కూడా దొరికింది. ఆ సంగతి మామ నాకు కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం నాకు రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది మామది. "కోడలా, నన్ను ముంచినావు గదే!" అని ఒక్క మాట అని పెట్టేశాడు. రెండోది అత్తది. ఆమె కోపం వేరే రకం. "కట్టుకున్న దానికి నాలుగేండ్లు చెప్పలేదు. నీకు చెప్పినాడా? మొన్న నువ్వు నా ఇంట్లో కూసోని, నా చేతి హోళిగె తింటా, అన్నీ తెలిసి గమ్మునున్నావా? ఎప్పుడూ మూయని నోరు ఆపొద్దే మూసుకున్నావా?" టైలరక్క కథ చెప్పి నా వైపు న్యాయం వినిపించుకోబోయాను. సగంలోనే ఫోను కట్టయింది. నేను మాట్లాడుతుండగా ఒకరు కట్ చేయడం అదే మొదటిసారి కాదు కానీ, ఏడుపు రావడం మాత్రం అదే మొదలు.

నాగలమడికలో ఆ తరువాత జరిగినవి అమ్మ ద్వారా తెలిశాయి. పరీక్షలు అత్తే దగ్గరుండి చేయించింది. ఇంట్లో బెల్లం డబ్బాకు తాళం పడింది. మామకు పొద్దున రాగి సంగటి, కాకరకాయ. సాయంత్రం కాకరకాయ, రాగి సంగటి. మామ పాలసీ వద్దే వద్దని కూర్చున్నాడు. బ్యాగు సారు ఫోను చేసి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నీకు నోరుండాది గానీ, దాన్ని యాడ మూయాలో తెలీలేదమ్మా" అని నిట్టూర్చాడు. ఒకటో తారీకు వచ్చింది. నా సంచిలో పాలసీ లేదు. ఒప్పందం ప్రకారం నాయన వెనక బండి ఎక్కి సైటు ఆఫీసుకు వెళ్లాను.

ఆ ఆఫీసు గురించి చెడ్డగా చెప్పడానికి ఏమీ లేదు. ఫ్యాను తిరిగేది. కుర్చీ కొత్తది. కిటికీలోంచి చూస్తే దిగంతం దాకా నల్లటి పలకలు, వాటి మధ్య ఒక్క మనిషి లేడు. లోపల ఒక ఇంజనీరు ఉండేవాడు. ఆయనకు హిందీ తప్ప రాదు, నాకు హిందీ తప్ప అన్నీ వచ్చు. గంటకొకసారి మీటర్ల గదికి పోయి అంకెలు రాసుకుని వచ్చేదాన్ని. మూడో రోజుకు మీటర్లతో మాట్లాడడం మొదలుపెట్టాను. "ఏమప్పా, నిన్నటి కన్నా తగ్గినావే, మబ్బు పట్టిందా?" అని అడుగుతుండగా ఇంజనీరు వాకిట్లో నిలబడి విన్నాడు. ఆయన హిందీలో ఏదో అన్నాడు (నాకు అర్థం కాలేదు). ఆ రోజు నుంచి మీటర్ల గదికి నాతో పాటు తోటమాలిని కూడా పంపసాగాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ వినిపించింది. బయటికి వచ్చి చూస్తే నాయన లాఠీ అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. అవతల మా అత్త.

"ఎవురికోసం వచ్చినావమ్మా? పని ఏంది?" అంటున్నాడు నాయన.

"అన్నా, నీకు ఖాకీ చొక్కా వేస్తే నేనెవురో మరిచిపోయినావా? నీ బిడ్డ కోసం వచ్చినా."

"అట్లయితే బుక్కులో పేరు రాయల్ల. రూల్సు."

ఆ బుక్కు రాసేది నేనే. అత్త నా ముందు కుర్చీలో కూర్చుంది. తిట్లకు సిద్ధపడి, తల వంచుకుని, పేరు రాశాను, ఊరు రాశాను. 'వచ్చిన కారణం' అనే గడి దగ్గర ఆగి ఆమె వైపు చూశాను.

"పాలసీ అని రాయి" అంది అత్త.

ఆమె చేతిసంచిలోంచి కంపెనీ ఉత్తరం తీసింది. పరీక్షలు చూసి, రేటు కొంచెం పెంచి, పాలసీ ఇవ్వడానికి ఒప్పుకుంటామని రాశారు. "ఇది నిజమేనా? రేపు మీ మామకు ఏమన్నా అయితే, షుగరు ఉన్నిందని కాదంటారా?"

"అనలేరత్తా. వాళ్లకు తెలిసే ఒప్పుకున్నారు. మనం దాచలేదు గదా."

అత్త ఆ ఉత్తరం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "ఆ టైలరమ్మ దగ్గరికి పోయొచ్చినా" అంది. "రవిక కుట్టించుకోవల్లని చెప్పి పోయినా. నువ్వు ఆపొద్దు ఫోన్లో చెప్పింది నిజమో అబద్ధమో చూద్దామని. ఆమె ఆ కాగితం నాకు గూడా చూపించింది. నువ్వు గానీ ఆపొద్దు లేదని రాసింటే, నేను గూడా ఆ కాగితం పట్టుకోని తిరుగుతాంటి గదా." పమిట సర్దుకుని, "అయితే నాకు చెప్పకుండా ఉన్నిందానికి మాత్రం నీమీద కోపం పోలేదు. అది అట్లే ఉంటాది" అంది.

పాలసీ తన పేరున ఉన్న భూమి గుత్తలోంచి తానే కట్టిస్తానంది. మామ సహి చేస్తాడా అని అడిగాను. "చేస్తే ఆదివారం ఒక హోళిగె ఇస్తానంటి. చేస్తాడు" అంది. లేచి పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. "మా పొదుపు సంఘం ఆడోళ్లు నిన్ను ఒకసారి పిలుచుకొని రమ్మన్నారు. ఉండేది ఉండినట్ల రాసే పిల్లంట గదా, మాకు గూడా రాస్తాదా అని అడుగుతాండారు. వస్తావా, లేకుంటే ఈ కుర్చీలోనే కూసుంటావా?"

ఆమె వెళ్లాక చాలాసేపు ఆ బుక్కు ముందు కూర్చున్నాను. నేను ఎంత బాగా మాట్లాడతానో చూసి బ్యాగు సారు నన్ను ఈ పనిలోకి పిలిచాడు. మాట్లాడి మాట్లాడి నెల రోజుల్లో ఒక్కరినీ ఒప్పించలేకపోయాను. ఒక గడిలో పెట్టిన ఒక్క టిక్కు నాగలమడిక సంఘం దాకా నాకంటే ముందు నడిచి పోయింది. ఇది అప్పుడు ఇంత స్పష్టంగా అర్థమైందని చెప్పను. అప్పుడు నాకు తోచింది ఒకటే. మీటర్లు నా మాటకు ఎన్నటికీ జవాబు చెప్పవు.

డ్యూటీ అయ్యాక నాయనతో చెప్పాను. ఆయన బండి స్టాండు వేసి, ఖాకీ టోపీ తీసి, "ఈ కుర్చీ మళ్లా దొరకదు పాపా" అన్నాడు. తెలుసు నాయనా అన్నాను. "నెలకు ఒక్కటి గూడా దొరక్కపోతే?" అన్నాడు. అప్పుడు చూద్దాం అన్నాను. ఆయన టోపీ మళ్లీ పెట్టుకుని, "అయితే బుక్కులో బయటికి పోయినట్ల సహి చేసి రా. రూల్సు రూల్సే" అన్నాడు. చేసి వచ్చాను.

నాగలమడిక సంఘంలో ఆ ఆదివారం మా అత్తే నా పక్కన కూర్చుని, నేను ఎక్కువ మాట్లాడబోయినప్పుడల్లా మోకాలు గిల్లింది. ఆ రోజు నేను అమ్మలేదు, అడిగాను. ఎవరికి బీపీ, ఎవరికి ఆయాసం, ఎవరికి కడుపులో గడ్డ, ఎవరు ఇంట్లో చెప్పలేదు. ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు చెప్పుకుంటూ పోయారు, నేను రాసుకుంటూ పోయాను. ఇద్దరికి పాలసీ కుదరలేదు, ఒకామెకు మాత్రం అప్పుడే ఆసుపత్రికి పోవాలని అర్థమైంది. టైలరక్క తరపున కూడా ఒక అర్జీ రాసి పంపాం. పూర్తి సొమ్ము రాలేదు. వాళ్లాయన కట్టిన ప్రీమియం మాత్రం తిరిగి వచ్చింది. దానితో ఆమె రెండో మిషను కొనుక్కుంది. నేను ఆ విజయం గురించి ఎక్కడా గొప్పగా చెప్పుకోను, ఎందుకంటే అది విజయం కాదు.

ఇన్నేళ్లయింది. నాకొక స్కూటరు ఉంది, ఎండకు రంగు వెలిసిన సంచి ఉంది, అమ్మకు ఇప్పటికీ నచ్చని ఒక వృత్తి ఉంది. నేను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నతను పెద్ద హోదాకు ఎదిగి కారు కొన్నాడు (ఆ కారుకు ఇన్సూరెన్సు నేనే చేయించాను). మామకు షుగరు అదుపులో ఉంది. ఏటా ప్రీమియం కట్టే రోజున నేను రసీదు తీసుకుని నాగలమడిక పోతాను. అది మనిషి పోతేనే సొమ్ము వచ్చే రకం పాలసీ, ఉంటే పైసా రాదు. మామ రసీదును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఏడు గూడా నష్టమే పాయ కోడలా" అని విచారంగా అంటాడు. ఆయనకు ఆ నష్టం ఏటేటా రావాలని కోరుకుంటూ, అత్త ఇచ్చిన చక్కెర లేని కాఫీ తాగి వస్తాను.

తిరిగి వచ్చేటప్పుడు పలకల మధ్య దారిలో ఒక్కోసారి ఆ నెలన్నర గుర్తుకొస్తుంది. సంచిలో ఒక్క పాలసీ లేక, మామ అలిగి, అత్త ఫోను పెట్టేసి, ఇంక తన బతుకు ఇంతేనని సైటు ఆఫీసులో తలవంచుకుని కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఇరవై రెండేళ్లు దానికి. మా ప్రీమియం పట్టికలో ఆ వయసు పై వరుసల్లో ఉంటుంది. అంతకన్నా రిస్కు తక్కువ ఉన్న మనుషులు మా లెక్కలో దాదాపు ఉండరు. అయినా అంతగా భయపడిన మనిషిని ఇన్నేళ్లలో ఇన్ని ఇళ్లు తిరిగినా నేను ఎక్కడా చూడలేదు.